డిగ్రీ దగ్గరే ఆగిపోతున్న మన పిల్లలు

రెండేళ్ల క్రితం మాట. వర్షాకాలంలో ఒక శుక్రవారం, నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా మహబూబాబాద్‌కు చెందిన ఒక పెద్దమనిషి మమ్మల్ని ఆపారు. పంక్చర్ షాపు నడుపుకుంటున్న మనిషి. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది. అందులో కూతురి డిగ్రీ మార్కుల మెమోలు ఆరు సెమిస్టర్లవీ వరుసగా, ఒక్క ముడత కూడా లేకుండా పెట్టి ఉన్నాయి.

"మౌలానా సాబ్, బిటియా బీఎస్సీ పాసయింది. యూనివర్సిటీలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఫారం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు.

మెమోలు చూశాము. మంచి మార్కులు. కానీ అప్పటికి పీజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గడువు ముగిసింది, పరీక్ష కూడా జరిగిపోయింది. ఆ సంగతి చెప్పేసరికి ఆయన ముఖం వాడిపోయింది. "రిజల్టు రాకముందే ఫారం ఎలా నింపుతారు సాబ్? పాసయితే కదా పై చదువు?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పదో తరగతి పాసయ్యాక ఇంటర్‌లో చేర్పించారు. ఇంటర్ పాసయ్యాక డిగ్రీలో చేర్పించారు. ఆ లెక్క ప్రకారం డిగ్రీ ఫలితం వచ్చాక యూనివర్సిటీకి బయలుదేరారు. ఆఖరి సెమిస్టర్ చదువుతూ ఉండగానే, ఫలితం చేతికి రాకముందే ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియజెప్పేవారు కూడా లేకపోయారు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

ఇందులో మా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి చిన్నప్పుడు మా దగ్గరే ఉర్దూ అక్షరాలు దిద్దుకుంది. ఆఖరి సంవత్సరంలో ఉండగా వీధిలో ఎన్నోసార్లు ఎదురుపడి సలాం చేసింది. "ఎలా చదువుతున్నావు బేటీ?" అని అడిగాము గాని, "తరువాత ఏం చేస్తావు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెకు ఒక సంవత్సరం మిగిలేది.

మూడు ఊళ్లు, ఒకే కథ

ఉపాధ్యాయులుగా ముప్పై ఏళ్లలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా పనిచేసే అవకాశం మాకు కలిగింది. ఇవి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పట్టణాలే. మూడు చోట్లా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. ఇవన్నీ కాకతీయ విశ్వవిద్యాలయం కిందివే.

ఆ విశ్వవిద్యాలయం ఎంత దూరంలో ఉందని? జనగామలో రైలెక్కితే రఘునాథపల్లి, ఘన్‌పూర్ దాటి కాజీపేటలో దిగడమే. మహబూబాబాద్‌లో ఎక్కితే కేసముద్రం, నెక్కొండ మీదుగా వరంగల్ స్టేషన్. భూపాలపల్లికి రైలు లేదు. రేగొండ, పరకాల మీదుగా బస్సులో హన్మకొండ చేరాలి. ఏ ఊరి నుంచి చూసినా 50 నుంచి 70 కిలోమీటర్ల ప్రయాణం. పెళ్లికో, ఆసుపత్రికో, బట్టల కొనుగోలుకో మనం ఏటా ఎన్నోసార్లు వెళ్లి వచ్చే దూరమే ఇది.

1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు ఈ ప్రాంతపు కళాశాలలు ఉస్మానియా పరిధిలో ఉండేవి. విశ్వవిద్యాలయం అంటే హైదరాబాదే అనుకున్న తరం అది. ఈనాడు ఆ ఇబ్బంది లేదు. భూపాలపల్లి పక్కనే ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం కూడా చేసింది. విశ్వవిద్యాలయాలు మన గుమ్మం దాకా వచ్చాయి. గుమ్మం దాటించే పని మాత్రం మన మీదే ఉంది.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదికను గుర్తు చేసుకుందాం. 20 ఏళ్లు దాటిన ముస్లిములలో డిగ్రీ గాని డిప్లొమా గాని ఉన్నవారు నూటికి నలుగురికన్నా తక్కువ అని, దేశం మొత్తం మీద అది నూటికి ఏడుగురని ఆ నివేదిక చెప్పింది. ఆ తరువాత మన పిల్లలు పెద్ద సంఖ్యలో కళాశాలల మెట్లెక్కారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అంటే ఇప్పుడు డిగ్రీ తరగతుల్లో కూర్చున్న మన పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదటివారు. వారి తల్లిదండ్రులకు మనసు ఉంది, కష్టపడే గుణం ఉంది. లేనిది దారి ఎరిగిన మనిషి మాత్రమే.

అమెరికాలోనూ ఇదే చిక్కు

ఇది మన ఒక్కరి లోపమని బాధపడనక్కరలేదు. అమెరికాలో 'కమ్యూనిటీ కాలేజీ' అనే పద్ధతి ఉంది. ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో 1901లో అలాంటి మొదటి కళాశాల మొదలైంది. ఊళ్లోనే తక్కువ ఫీజుతో రెండేళ్లు చదివి, ఆ తరువాత విశ్వవిద్యాలయానికి మారి డిగ్రీ పూర్తి చేయడం దాని ఉద్దేశం. పేదలకు, వలస వచ్చినవారికి, ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్లేవారికి అది పెద్ద ఆసరా.

అయితే అక్కడ చేరినవారిలో విశ్వవిద్యాలయం దాకా చేరుకుంటున్నది మూడో వంతు మందే. ఆరేళ్లలో డిగ్రీ పట్టా అందుకుంటున్నవారు నూటికి 16 మంది వరకే ఉంటున్నారు. చదివిన పాఠాలను కొత్త విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోకపోవడం ఒక కారణం. 2004 నుంచి 2009 మధ్య కళాశాల మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో నూటికి 43 వంతులు పోగొట్టుకున్నారని అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ 2017లో లెక్క తేల్చింది. ఏ పాఠం పనికొస్తుంది, ఏది పనికిరాదు, ఎప్పుడు ఎవరిని అడగాలి అన్నది ముందే తెలిసినవారు దాటుకున్నారు. తెలియనివారు వెనకబడ్డారు. అంత సంపన్న దేశంలోనూ ఎదురైన కష్టం మన పంక్చర్ షాపు తండ్రికి ఎదురైన కష్టమే.

మూడు దారులు

మన దగ్గర చిన్న ఊరి చదువు నుంచి విశ్వవిద్యాలయానికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. తల్లిదండ్రులు వీటిని గుర్తుపెట్టుకోవాలని మా మనవి.

మొదటిది డిగ్రీ నుంచి పీజీకి. ఎం.ఏ., ఎం.కాం., ఎం.ఎస్సీ. వంటి కోర్సులకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు కలిపి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతోంది. ఉపాధ్యాయ వృత్తికి ఎడ్‌సెట్, న్యాయవాద వృత్తికి లాసెట్ వేరుగా ఉన్నాయి. ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవారు వీటికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రకటనలు సాధారణంగా ఎండాకాలానికి అటూ ఇటూగా వస్తాయి. కాబట్టి మార్చి నెల నుంచే పత్రికలు చూస్తుండాలి. కళాశాల నోటీసు బోర్డు చూస్తుండాలి.

రెండవది డిప్లొమా నుంచి బీటెక్‌కు. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివిన పిల్లలు ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. మొదటి సంవత్సరం మళ్లీ చదవనక్కరలేదు. గణితంతో బీఎస్సీ చేసినవారికీ ఈ పరీక్ష రాసే వీలుంది. అమెరికా వారి కమ్యూనిటీ కాలేజీ పద్ధతికి మన దగ్గర అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. జనగామలో ఒక దర్జీ కొడుకు ఇలాగే డిప్లొమా ముగించాడు. ఒక చిన్న ఉద్యోగం దొరికింది కదా అని ఇంట్లో వారు ఇక చాలన్నారు. తోటి విద్యార్థి ఒకడు ఈసెట్ సంగతి చెప్పి దగ్గరుండి దరఖాస్తు చేయించాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఇంజనీరు. ఆ స్నేహితుడే లేకపోతే ఆ ఇంటి కథ వేరుగా ఉండేది.

మూడవది మదరసా నుంచి విశ్వవిద్యాలయానికి. ఇది మేము స్వయంగా నడిచిన దారి గనుక కొంచెం వివరంగా చెబుతాము. మేము మదరసా చదువు ముగించుకుని బయటికి వచ్చేనాటికి మా దగ్గర పదో తరగతి సర్టిఫికెట్ కూడా లేదు. 1982లో స్థాపించి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అప్పట్లో అర్హత పరీక్ష ఒకటి పెట్టేది. అది పాసయితే ఏ సర్టిఫికెట్ లేకున్నా డిగ్రీలో చేర్చుకునేది. అలా బి.ఏ. చేశాము. ఎంతో సంతోషించాము. తీరా పై చదువుకు ఒక విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెడితే, పది, ఇంటర్ లేకుండా డిగ్రీ చేశారంటూ తిప్పి పంపారు. మళ్లీ వెనక్కి వెళ్లి మెట్రిక్ రాసి, ఇంటర్ రాసి వచ్చేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఈనాటి మదరసా పిల్లలకు అంత కష్టం అవసరం లేదు. దీనీ చదువు సాగుతుండగానే తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గాని, జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా గాని పది, ఇంటర్ పూర్తి చేసుకోవచ్చు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తాను గుర్తించిన మదరసాల సనదులను ప్రవేశానికి అంగీకరిస్తోంది. మదరసా విద్యార్థుల కోసం బ్రిడ్జి కోర్సు కూడా నడిపింది. భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేసే ఒక తండ్రి తన కొడుకును హాఫిజ్ చేశారు. ఆ అబ్బాయి ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ రాసి హైదరాబాద్‌లో డిగ్రీలో చేరాడు. హిఫ్జ్ పోలేదు, చదువూ ఆగలేదు.

కాగితాల సంగతి

దారి తెలిసినా కాగితం సరిగా లేక వెనక్కి వచ్చినవారిని మేము ఎందరినో చూశాము. ముఖ్యంగా మన పేర్ల దగ్గర వచ్చే తంటా ఇంతా అంతా కాదు. పదో తరగతి మెమోలో 'ఎండీ' అని, ఆధార్‌లో 'మహమ్మద్' అని, డిగ్రీలో 'మొహమ్మద్' అని ఉంటుంది. ఆడపిల్లల పేరు వెనక ఒకచోట 'బేగం', మరోచోట 'సుల్తానా', ఇంకోచోట ఏమీ ఉండదు. ఇంటి పేరు ముందో వెనకో తెలియదు. ఇంట్లో అందరికీ అది ఒకే మనిషి. కౌన్సెలింగ్ బల్ల దగ్గర మాత్రం అవి మూడు పేర్లు. కాబట్టి పదో తరగతి మెమోలో ఉన్న పేరునే ఆధారంగా తీసుకుని మిగతా అన్నీ దానికి సరిపోయేలా డిగ్రీ రెండో సంవత్సరంలోపే దిద్దించుకోవాలి.

కుల ధ్రువీకరణ విషయంలోనూ తికమక ఉంది. 2007 చట్టం ప్రకారం ముస్లిములలోని 14 సమూహాలకు బీసీ-ఇ కింద నూటికి 4 వంతుల రిజర్వేషన్ ఉంది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్ కుటుంబాలు ఇందులోకి వస్తాయి. దూదేకుల వారు వేరుగా బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి కుటుంబాలు బీసీ-ఇలో లేవు. వారిలో ఆదాయం తక్కువగా ఉన్నవారు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆ రిజర్వేషన్‌కు 2019లో రాజ్యాంగ సవరణ జరిగింది. తమది ఏ వర్గమో తెలియక సీటు పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో తీసుకుని సిద్ధంగా ఉంచుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అది తప్పనిసరి. గ్రామాలకు, పట్టణాలకు ఆదాయ పరిమితి వేరువేరుగా ఉంటుంది. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వస్తోందని, ఈలోగా కొన్ని ప్రైవేటు కళాశాలలు ఫీజు కట్టనిదే సర్టిఫికెట్లు ఇవ్వడం లేదని ప్రతి ఏటా వింటున్నాం. అందుకే ఆఖరి సంవత్సరంలో కళాశాల కార్యాలయానికి వెళ్లి మన లెక్క ఎంత ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. కాకతీయ కిందే చదివి కాకతీయలోనే చేరితే టీసీ, మెమోలు, ప్రొవిజినల్ ముఖ్యం. వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి.

ఒకప్పుడు పరిశోధన దాకా వెళ్లిన మైనారిటీ విద్యార్థులకు మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఆసరాగా ఉండేది. దానిని 2022లో కేంద్రం ఆపివేసింది. పాత వివరాలు నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు. ఏ పథకం ఉందో, ఏది లేదో ఆ సంవత్సరమే అడిగి తెలుసుకోవాలి.

మొదటి సెమిస్టర్ భయం

సీటు రాగానే పని అయిపోయిందని మనం అనుకుంటాం. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఊళ్లో తెలుగులోనో ఉర్దూలోనో చదివి వచ్చిన పిల్లలకు అక్కడ పాఠాలు, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఊరి కాలేజీలో మొదటి వరుసలో కూర్చున్న అమ్మాయి అక్కడ వెనక బెంచీ వెతుక్కుంటుంది.

1965లోనే జాన్ హిల్స్ అనే అమెరికా పరిశోధకుడు ఈ విషయం గమనించారు. చిన్న కళాశాల నుంచి విశ్వవిద్యాలయానికి మారినవారికి మొదట్లో మార్కులు పడిపోతాయని, నిలదొక్కుకున్నవారు తరువాత చాలా వరకు కోలుకుంటారని ఆయన తేల్చారు. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలిసి ఉండడం చాలా అవసరం. ఎందుకంటే మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోగానే మనం ఏమంటాం? "నీ వల్ల కాదు, ఇంటికి వచ్చెయ్" అంటాం. ఆడపిల్ల అయితే అదే సమయానికి ఒక సంబంధం కూడా వస్తుంది.

మేము పైన చెప్పిన మహబూబాబాద్ అమ్మాయి విషయంలోనూ ఇలాగే జరిగింది. ఒక సంవత్సరం ఇంట్లో కూర్చుని, పిల్లలకు ట్యూషన్ చెబుతూ తయారై మరుసటి ఏడాది ప్రవేశ పరీక్ష రాసింది. కాకతీయలో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు తప్పింది. ఫోనులో ఏడ్చింది. ఇంట్లో మేనత్త, "ఆడపిల్లకు ఇంకా ఎంత చదువు? ఎక్కువ చదివితే వరుడు దొరకడు" అని మొదలుపెట్టారు.

అప్పుడు ఆ తండ్రి చేసిన పని మాకు ఎప్పటికీ గుర్తుండిపోతుంది. దుకాణం మూసి, పొద్దున రైలెక్కి, హన్మకొండ వెళ్లారు. హాస్టల్ గేటు దగ్గర కూతురితో ఓ గంట కూర్చున్నారు. ఏం మాట్లాడారని మేము అడిగితే, "నాకు ఆమె చదువు సంగతి ఏం తెలుసు సాబ్? 'ట్యూబుకు ఒక్క పంక్చర్ పడితే టైరు పారేస్తామా బేటీ?' అన్నాను. వెంట తెచ్చిన అన్నం ఇద్దరం తిన్నాం. వచ్చేశాను" అన్నారు. ఆ పేపరు ఆమె తరువాత రాసి పాసయింది. ప్రస్తుతం ఆఖరి సెమిస్టర్‌లో ఉంది.

మనం చేయగలిగిన పని

దీనికి పెద్ద సంస్థ అక్కరలేదు, చందాలు అక్కరలేదు. ప్రతి మొహల్లాలో డిగ్రీ, డిప్లొమా ఆఖరి సంవత్సరం చదివే పిల్లలు ఎవరెవరో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకునే మనిషి ఒకరు చాలు. ఆ పని ఉపాధ్యాయులు చేయవచ్చు, మసీదు కమిటీ వారు చేయవచ్చు, యూనివర్సిటీలో చదివి వచ్చిన యువకులు చేయవచ్చు. చదువుకున్న అమ్మాయిలు ఉంటే ఇంకా మంచిది. తల్లుల దగ్గరికి వెళ్లి మాట్లాడగలిగేది వారే.

జనవరిలో ఒకసారి ఆ పిల్లలను పిలిచి కాగితాలు చూడాలి. మార్చిలో ఒకసారి పిలిచి ప్రకటనలు చదివి వినిపించాలి. సీటు వచ్చిన పిల్లలను నవంబరులో ఒకసారి పలకరించాలి. ఆ నెల పలకరింపే అన్నిటికన్నా ముఖ్యమని మా అనుభవం. చేర్పించేదాకా అందరూ తోడుంటారు. చేరిన తరువాత ఒంటరిగా ఉన్న బిడ్డను ఎవరూ అడగరు.

తల్లిదండ్రులకు ఒక మాట. మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం అని మీరు అనుకోవద్దు. పాఠం చెప్పనక్కరలేదు. "తరువాత ఏం చేస్తావు? దానికి ఫారం ఎప్పుడు?" అని ఆఖరి సంవత్సరం మొదట్లో అడగండి. బిడ్డకు తెలియకపోతే, తెలిసినవారి దగ్గరికి తీసుకుని వెళ్లండి. మా దగ్గరికి వచ్చిన ఆ తండ్రి తన కూతురి మెమోలను మూడేళ్లు ముడత పడకుండా దాచారు. అంత శ్రద్ధ మన ఇళ్లలో ఇప్పటికే ఉంది. ఆ ఫైలు పట్టుకుని ఆయన మా దగ్గరికి జూలైలో వచ్చారు. మార్చిలో రావలసింది. ఆ నాలుగు నెలల ముందు మేమే వెళ్లి ఆయన తలుపు తట్టి ఉండవలసింది.

ఈ వారం నుంచి మేము ఆ నోటు పుస్తకం మొదలుపెడుతున్నాము. మీ మొహల్లాలోనూ ఎవరో ఒకరు మొదలుపెడతారని ఆశిస్తున్నాము.